‘మా కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ’ – మరి మీరు?



ధ్యానమునకు వాక్యభాగము: నిర్గమకాండము 17:8–13. ముందుగా బైబిలు తెరిచి ఈ ఆరు వచనాలు చదువుకొని రండి. ఈ వారం మా మాట కొంచెం ఘాటుగా ఉంటుంది. మీ మీద కోపం వచ్చి రాయడం లేదు, దుఃఖం వచ్చి రాస్తున్నాము. ఇందులో మమ్మల్ని మేము కూడా వదులుకోలేదని చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ప్రతి సోమవారం ఉదయం లేచేసరికి మా ఫోనులో పది పన్నెండు సందేశాలు ఉంటాయి. ఎక్కువ భాగం మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ నుండి వస్తాయి. “అయ్యగారూ, రేపు ఇంటర్వ్యూ ఉంది, ప్రార్థన చేయండి.” “అయ్యగారూ, ఈసారి హైక్ రావాలి.” “హెచ్‌1బీ లాటరీలో పేరు రావాలి.” చదివి సంతోషిస్తాము. ఊరు విడిచినా బిడ్డలు కాపరిని మరచిపోలేదని దేవుని స్తుతిస్తాము. కానీ కొన్నాళ్ళుగా ఒక ప్రశ్న మమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. ఇన్ని సందేశాల్లో, “ఫలానా తమ్ముడు కష్టంలో ఉన్నాడు, మేము కూడి ప్రార్థిస్తున్నాము, మీరూ మాతో కలవండి” అన్నది ఒక్కటైనా ఉందా? మా ఫోనును వెనక్కి తిప్పి చూసుకున్నాము. మాకు కనబడలేదు.

ప్రియులారా, మనం ప్రార్థనను కూడా ఆర్డరు పెట్టడం నేర్చుకున్నాము. ఆకలైతే ఫోనులో బిర్యానీ ఆర్డరు పెడతాము, ఎవరో వండుతారు, ఎవరో తెచ్చి తలుపు దగ్గర ఇస్తారు. కష్టమొస్తే అయ్యగారికి మెసేజ్ పెడతాము, అయ్యగారు ప్రార్థిస్తారు, దేవుడు జవాబు పంపిస్తాడు. ఇది సంఘం కాదు అని చెప్పడానికే ఈ వ్యాసం.

గ్రూపులో నూరు చేతులు

పోయిన నెలలో మన సంఘపు కుటుంబం ఒకటి కొండాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుంటే, గృహప్రతిష్ఠకు మేమూ మీ అమ్మగారూ వెళ్ళాము. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగాము. 1998 నవంబరులో ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో మేము ఊళ్ళో ఇంటర్ చదువుకుంటున్నాము. తర్వాత మా తోటివాళ్ళు కంప్యూటరు కోర్సులకని అమీర్‌పేట బస్సెక్కారు, మేము సెమినరీకి వెళ్ళాము. అప్పట్లో బండరాళ్ళు ఉన్న చోట ఇప్పుడు మెడ వెనక్కి వంచినా చివర కనబడని అద్దాల మేడలు. మన బిడ్డలు కొందరు వాటిలో పని చేస్తున్నారంటే మాకు గర్వమే. మేము దాన్ని తప్పు పట్టడం లేదు.

గృహప్రతిష్ఠలో “అయ్యగారూ, ఒక్క పది నిమిషాల్లో ముగించండి, భోజనాలు చల్లారిపోతాయి” అన్నారు. సరే, ముగించాము. భోజనాలయ్యాక కింద పార్కింగులో ఒక తమ్ముడు మా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పుడు మన సండే స్కూల్లో కంఠత వాక్యాలకు బహుమతులు తీసుకున్న బిడ్డ. అతని అనుమతితోనే, పేరు చెప్పకుండా రాస్తున్నాము.

అతనికి ఉద్యోగం పోయి అప్పటికి మూడు నెలలు. ఇంట్లో తల్లికి చెప్పలేదు. హాస్టల్లో కూడా ఎవరికీ తెలియదు. రోజూ ఉదయం ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకొని బయటికి వెళ్ళి, సాయంత్రం దాకా ఎక్కడో కూర్చొని తిరిగి వస్తున్నాడు. హాస్టలు డబ్బులు రెండు నెలలవి బాకీ. “మన హైదరాబాదు విశ్వాసుల గ్రూపు ఉంది కదా నాయనా, అందులో చెప్పకపోయావా?” అని అడిగాము.

“ఏం చెప్పమంటారు అయ్యగారూ? పెడితే నూరు చేతుల బొమ్మలు వస్తాయి. ఫోను ఒక్కటి రాదు. నేనూ అందరికీ ఆ చేతులే పెట్టాను. ఒక్కరి కోసం కూడా ప్రార్థన చేయలేదు. ఇక నన్నెవరు పట్టించుకుంటారు?”

ఒక రాత్రి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద చాలాసేపు ఒంటరిగా నిలబడ్డానని చెప్పాడు. మాకు కాళ్ళు వణికాయి. ఆ రాత్రి అతన్ని వదలలేదు. మేము దిగిన బంధువుల ఇంటికే తీసుకువెళ్ళాము. అతని చేతనే తల్లికి ఫోను చేయించాము. ఆమె ఏడ్చింది, తర్వాత “అన్నం తిన్నావా” అని అడిగింది. తెల్లవారి అతన్ని ఎక్కడికి తీసుకువెళ్ళామో చివర్లో చెబుతాము.

ఆ గ్రూపులో ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే. ఆదివారం తప్పకుండా ఏదో ఒక మందిరానికి వెళ్ళేవాళ్ళే. అతనికి ఒక ఫోను చేయడానికి ఎవరికీ ద్వేషం అడ్డు రాలేదు. చేతుల బొమ్మ నొక్కగానే మన పని అయిపోయిందనే నమ్మకం అడ్డు వచ్చింది.

మోషే చేతులు

ఇప్పుడు వాక్యభాగానికి రండి. రెఫీదీములో అమాలేకీయులు ఇశ్రాయేలీయుల మీదికి వచ్చారు. యెహోషువ కింద యుద్ధం చేస్తున్నాడు, మోషే కొండ మీద చేతులెత్తి ఉన్నాడు. ఎత్తిన చేతులు ప్రార్థనకు గుర్తని మన పెద్దలు ఎప్పటినుండో బోధిస్తూ వచ్చారు. మోషే చెయ్యి పైన ఉన్నంతసేపు జయం, దించితే అపజయం.

మనం సాధారణంగా ఇక్కడే ఆగిపోతాము. దైవజనుడు చేతులెత్తితే చాలు అనుకుంటాము. కానీ పన్నెండో వచనం చూడండి. మోషే చేతులు బరువెక్కాయి! సముద్రాన్ని పాయలు చేసినప్పుడు చాపిన చెయ్యి అది. ఆ చెయ్యి కూడా సాయంత్రం దాకా నిలబడలేకపోయింది. అప్పుడు అహరోను, హూరు ఏమి చేశారు? “మోషేగారూ, మా కోసం ఇంకొంచెం సేపు ఎత్తండి” అని కింద నుండి కబురు పెట్టలేదు. కొండ ఎక్కారు. కూర్చోవడానికి రాయి తెచ్చి వేశారు. ఒకరు ఈ పక్కన, ఒకరు ఆ పక్కన నిలబడి సూర్యుడు అస్తమించేదాకా ఆ చేతులు పట్టుకున్నారు.

మోషేకే ఇద్దరు కావలసి వస్తే, సెమినరీ డిప్లొమా చేతబట్టుకొని ఈ పల్లెలో సేవ చేస్తున్న మాకు ఎంతమంది కావాలి? ఒక్క కాపరి మోకాళ్ళ మీద వందలమంది భారం మోపి, “అయ్యగారు చూసుకుంటారు” అనుకోవడం విశ్వాసం ఎలా అవుతుంది?

కొందరు మత్తయి 6:6 ఎత్తి చూపుతారు. ప్రభువు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొని రహస్యంగా ప్రార్థించమన్నాడు కదా, మరి కూడికలు ఎందుకు అంటారు. మంచిది. మీలో ఎంతమంది ఆ తలుపు వేసుకుంటున్నారో దేవునికి తెలుసు. కానీ మరో మూడు వచనాలు ముందుకు వెళ్ళండి. ఆ గదిలో ఏమని ప్రార్థించాలో ప్రభువే నేర్పాడు. అందులో ‘నా’ తండ్రి లేడు, ‘నా’ ఆహారం లేదు, ‘నా’ ఋణాలు లేవు. అన్ని చోట్లా ‘మా’ అనే మాటే ఉంది. తలుపు వేసుకొని ఒంటరిగా ఉన్నప్పుడు కూడా సంఘాన్ని వెంటబెట్టుకొనే లోపలికి రమ్మంటున్నాడు.

సమయం లేదంటారా?

“అయ్యగారూ, మీకు తెలియదు. రాత్రి అమెరికా వాళ్ళతో కాల్స్, పగలు ఇక్కడి పని, మధ్యలో ట్రాఫిక్. కూడి ప్రార్థించడానికి సమయం ఎక్కడిది?”

నిజమే. బయో డైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆటోలో ఇరుక్కుపోయి మీ బాధ మేమూ కొంచెం రుచి చూశాము. రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఎర్రబడ్డ కళ్ళతో ఆరాధనకు వచ్చే బిడ్డలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పొలం పని ఎంత కష్టమో మీ పని అంతకంటే తక్కువేమీ కాదు.

అయినా దానియేలును చూడండి. పరాయి దేశంలో పరాయి రాజు దగ్గర ఉద్యోగం. నూట ఇరవైమంది అధిపతుల మీద ముగ్గురు ప్రధానులలో ఒకడు. మీ టీమ్ లీడు కంటే పని తక్కువ ఉంటుందా? రోజుకు మూడుసార్లు మోకాళ్ళూనాడు. ఇది మనందరికీ తెలిసిన సంగతి. తెలియని సంగతి రెండో అధ్యాయంలో ఉంది. రాజు కల చెప్పకపోతే జ్ఞానులందరినీ చంపేస్తామన్నప్పుడు దానియేలు గడువు అడిగి తీసుకున్నాడు. ఆ గడువులో ఒంటరిగా తల పట్టుకొని కూర్చోలేదు. ఇంటికి వెళ్ళి హనన్యా, మిషాయేలు, అజర్యాలకు సంగతి చెప్పి, కలిసి దేవుని వేడుకొమ్మన్నాడు. ఒకే ఊరి నుండి చెరపట్టబడి వచ్చి, పరాయి పట్టణంలో ఉద్యోగాలు చేస్తున్న నలుగురు కుర్రవాళ్ళు! హైటెక్ సిటీలో మీరున్న పరిస్థితికి ఇంతకంటే దగ్గర పోలిక బైబిల్లో ఎక్కడ దొరుకుతుంది? మీ హనన్యా ఎవరు? మీకు ఉద్యోగం పోతే ఆ రాత్రి ఎవరి తలుపు తడతారు?

నెహెమ్యా అయితే రాజు ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ప్రార్థించాడు (నెహెమ్యా 2:4). రెండు క్షణాలు కూడా పట్టి ఉండదు. మెట్రోలో అమీర్‌పేట నుండి రాయదుర్గం దాకా వెళ్ళేవారికి అంతకంటే చాలా ఎక్కువ సమయం ఉంది. మేము ఎక్కిన పెట్టెలో దాదాపు ప్రతి తలా ఫోను మీదికే వంగి ఉంది. మాతో సహా. అందుకే చెబుతున్నాము.

ఏమి అడుగుతున్నాము?

వీసా కోసం, హైక్ కోసం, ఈఎంఐ తీరడం కోసం ప్రార్థించడం పాపమని మేము అనము. అనుదినాహారం అడగమన్న దేవుడు ఆయన. కానీ ఏడాది పొడుగునా మనం అడిగిన వాటిని ఒక కాగితం మీద రాసి చూడండి. ఎన్ని మన ఇంటి గడప దాటాయి? పక్క డెస్కులో కూర్చున్నవాని రక్షణ కోసం ఎన్ని కన్నీళ్ళు కార్చాము? వీసా రాగానే సాక్ష్యం చెప్పి, కానుక వేసి, విమానం ఎక్కేసి, మరుసటి కష్టం దాకా మోకాళ్ళు మరచిపోయిన బిడ్డలు మనలో లేరా?

ఇందులో మీ తప్పు కంటే బోధకులమైన మా తప్పు ఎక్కువ. వీసా పట్టుకొని రండి, నూనె రాస్తాము అన్నది మా వర్గమే. పెద్ద తెర, రంగు దీపాలు, వాయిద్యాలు పెట్టడానికి రెండు గంటలు దొరికి, మోకరించడానికి ఐదు నిమిషాలు దొరకని ఆరాధనలు నడుపుతున్నది మా వర్గమే. ఇక మా సంగతి చెబుతాము. మన ఊళ్ళో బుధవారం ప్రార్థన కూటం రెండేళ్ళ కిందట ఆగిపోయింది. “జనం రావడం లేదు” అని మీకు చెప్పాము. ఏడుగురు వస్తూనే ఉన్నారు. ఏడుగురి కోసం లైటు వేసి చాపలు పరచడం మాకు చిన్నతనంగా తోచి ఆపేశాము. మీరు సందేశం పెడితే “ప్రార్థిస్తున్నాము” అని జవాబిచ్చి, ఆ తర్వాత ప్రార్థన మరచిపోయిన రోజులూ మాకున్నాయి. దేవుడు మమ్మల్ని క్షమించును గాక. మీరు కూడా క్షమించండి.

ఐదుగురి కొండ

ఏడుగురు చాలరని ఆపేసిన మాకు ఒంగోలు కొండ సిగ్గు తెప్పించింది. మన ప్రకాశం జిల్లావాళ్ళు ఆ కథ మళ్ళీ వినాలి.

1836లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనులో ఏళ్ళ తరబడి పని చేసినా ఫలం అంతంతమాత్రమే. మూసేద్దామా అని అక్కడి పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్కించారు. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి ఆ ప్రాంతమంతటి కోసం మోకరించారు. ముగ్గురు తెలుగువారిలో ఇద్దరు స్త్రీలు. మొత్తం ఐదుగురే. ఒంగోలుకు ఒక సేవకుడిని పంపమని అడిగారు.

మర్నాడు జవాబు వచ్చిందా? మరుసటి ఏడు వచ్చిందా? క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! 1876–78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో చస్తున్నవారికి కూలి ఇప్పించాడు. కూటి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆ కరవు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు తీరాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఊరి బయట బతికిన మన ముత్తాతలు, ముత్తవ్వలు. ఈ రోజు గచ్చిబౌలిలో మెడలో ఐడీ కార్డు వేసుకొని తిరుగుతున్న మన బిడ్డల్లో ఎందరి వంశాలు ఆ నీళ్ళలో నుండి లేచి వచ్చాయో లెక్కపెట్టుకోండి.

ఆ ఐదుగురు తమ సొంత అవసరం కోసం కొండ ఎక్కి ఉంటే మన కథ ఏమయ్యేది? వాళ్ళు మన పేర్లు తెలియకుండానే మన కోసం చలిలో మోకరించారు. మనం మాత్రం పేరు తెలిసిన తమ్ముడి కోసం బొమ్మ నొక్కి ఊరుకున్నాము.

నలుగురి గది

ఆ మర్నాడు తెల్లవారుజామున ఐదు గంటలకు ఆ తమ్ముడిని వెంటబెట్టుకొని గచ్చిబౌలిలో ఒక సందులోని గదికి వెళ్ళాము. అక్కడ మన సంఘపు విధవరాలు ఒకామె ఉంటుంది. అప్పులు తీర్చడానికి ఊరు విడిచి, ఒక అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ పని చేస్తోంది. ఆమె, మరో ముగ్గురు స్త్రీలు ఆరు గంటల షిఫ్టుకు ముందు రోజూ కూడి ప్రార్థిస్తారట. ఒకామెది శ్రీకాకుళం వైపు, ఒకామెది పాలమూరు, ఇంకొకామెది ఒడిశా. ఆ సంగతి మన గ్రూపులో ఒక్కరికీ తెలియదు. మాకూ అంతకు ముందు రోజే తెలిసింది.

లోపలికి వెళ్ళగానే ఆమె ఆ కుర్రవాడి ముఖం చూసి, “ముందు టీ తాగు నాయనా” అంది. సంగతి చెప్పాము. ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. “అయ్యగారూ, మా ఫ్లోరులో కూడా ఈమధ్య కుర్చీలు శానా ఖాళీ అయినాయి. ఆ పిల్లల పేర్లు నాకు తెలియవు. ఆ కుర్చీ తుడిచేటప్పుడు, దీంట్లో కూర్చున్న బిడ్డను కాపాడు తండ్రీ అని అడుగుతా” అంది.

మేము నోట మాట రాక నిలబడిపోయాము. మన చదువుకున్న బిడ్డలు ఆమెను ఏనాడైనా పేరు పెట్టి పలకరించారో లేదో. ఆమె మాత్రం వాళ్ళ ఖాళీ కుర్చీల మీద చేతులుంచి ప్రార్థిస్తోంది. ఉపవాసం ఉంటూనే పనివాళ్ళను పీడించేవారిని దేవుడు యెషయా 58లో ఎలా గద్దించాడో ఆ గదిలో గుర్తొచ్చింది. మన కింద పని చేసేవారి ముఖం చూడని ప్రార్థన ఆయన చెవికి ఎక్కదు.

ఆ నలుగురు ఆ తమ్ముడి చుట్టూ కూర్చొని, పేరు పెట్టి, అరగంట ప్రార్థించారు. ఒడిశా చెల్లెలి భాష మాకు అర్థం కాలేదు, ఏడుపు అర్థమైంది. అతనికి ఇంకా ఉద్యోగం రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాము. కానీ వారానికి రెండుసార్లు తెల్లవారుజామున ఆ గదికి వెళ్తున్నాడు. హాస్టలు బాకీ ముగ్గురు కలిసి తీర్చారు. అమ్మకు రోజూ ఫోను చేస్తున్నాడు.

కాబట్టి ఈ వారం నుండి

మాకు “ప్రార్థన చేయండి” అని పెట్టేవారు, ఈ వారం మీరు ఎవరి కోసం ప్రార్థించారో కూడా రాయండి. రాయకపోతే మేమే తిరిగి అడుగుతాము, ఏమీ అనుకోవద్దు.

గ్రూపులో ఎవరైనా కష్టం చెబితే చేతుల బొమ్మ పెట్టకండి. ఫోను చేసి, ఆ ఫోనులోనే రెండు నిమిషాలు ప్రార్థించండి. మాటలు రాకపోతే ప్రభువు నేర్పిన ప్రార్థన చాలు.

మియాపూర్‌వాళ్ళు మియాపూర్‌లో, నానక్‌రామ్‌గూడవాళ్ళు నానక్‌రామ్‌గూడలో ముగ్గురో నలుగురో ఒక గదిలో వారానికొకసారి కూడండి. మైకు వద్దు, టిఫిన్లు వద్దు, అయ్యగారు కూడా వద్దు. రాత్రి షిఫ్టువారిని ఫోనులో కలుపుకోండి.

మీ ఆఫీసులో మీ ఫ్లోరు తుడిచే తల్లి పేరు, గేటు దగ్గర నిలబడే అన్న పేరు ఈ వారంలో తెలుసుకోండి. ఆ పేర్లతో ప్రార్థించండి.

ఇక్కడ ఊళ్ళో, వచ్చే బుధవారం సాయంత్రం ఏడు గంటలకు ప్రార్థన కూటం మళ్ళీ మొదలవుతుంది. ఏడుగురు వచ్చినా, ఐదుగురు వచ్చినా చాపలు మేమే పరుస్తాము.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, మా చేతులు బరువెక్కాయి. ఒకరి చేతులు ఒకరం పట్టుకోవడం మాకు మళ్ళీ నేర్పు. ఉద్యోగం పోయి ఎవరికీ చెప్పుకోలేక తిరుగుతున్న మా బిడ్డలను ఈ రాత్రి నీవే కాపాడు, వారి దగ్గరికి మమ్మల్ని పంపించు. తెల్లవారక ముందే లేచి మా కోసం మొరపెడుతున్న ఆ తల్లులను బలపరచు. మా సంఘాన్ని ప్రార్థించే సంఘంగా చేయుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి